బంగాళాఖాతం కలవడం మానేస్తే చేపకేమవుతుంది

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసేవాళ్లకు పెద్ద వాన పడిన రాత్రి నిద్ర ఉండదు. ఉప్పునీటి మీద పడిన వాననీరు తేలిక కాబట్టి పైనే పరుచుకుంటుంది. బరువైన ఉప్పునీరు అడుగున ఉండిపోతుంది. రెండూ కలవవు. గాలి నుంచి పైపొరలోకి చేరిన ప్రాణవాయువు కిందికి దిగదు. అడుగున మిగిలిపోయిన మేత, రొయ్యల విసర్జన కుళ్లుతూ అక్కడున్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు, లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పడిందంటే రొయ్యలు గట్ల దగ్గరికి వచ్చి తేలతాయి. అందుకే చేయి తిరిగిన రైతు వాన మొదలవగానే నీటిని చిలికే ఏరియేటర్లు వేయిస్తాడు. తూము పైపలకలు తీయించి, మీద నిలిచిన మంచినీటిని ముందు బయటికి తోలేస్తాడు.

బంగాళాఖాతం అలాంటి చెరువే. విస్తీర్ణం దాదాపు 22 లక్షల చదరపు కిలోమీటర్లు. దానికి ఏరియేటర్లు గాలి, తీర ప్రవాహాలు, సుడులు, తుపాన్లు. ఇవి పైనీటినీ అడుగునీటినీ ఎంత కలపగలవన్నదాని మీదే ఇక్కడ ఎంత చేప బతుకుతుందన్నది ఆధారపడి ఉంటుంది.

సముద్రం వేడెక్కుతోందంటే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన చేప ఆ వేడికి చచ్చిపోతుందని. అలా చచ్చేది తక్కువ. 28 డిగ్రీల నీళ్లకు అలవాటుపడిన చేపను 29 డిగ్రీలు చంపవు. వేడి చేసే అసలు నష్టం, నీటి పొరల్ని ఒకదానితో ఒకటి కలవనీయకపోవడం. మేత తగ్గడం, ఊపిరి చాలకపోవడం, తుపాను ఉన్నట్టుండి బలపడడం, చేప చోటు మారడం అన్నీ వేరువేరు వార్తలుగా పత్రికల్లో కనిపిస్తాయి. లోపలికి వెళ్లి చూస్తే వీటిలో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

నదులు పరిచిన పొర

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కలిసి ఈ సముద్రంలోకి ఏటా సుమారు 1,600 ఘన కిలోమీటర్ల నీరు మోసుకొస్తాయి. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే 56 వేల టీఎంసీల పైచిలుకు. శ్రీశైలం జలాశయాన్ని 250 సార్లకు పైగా నింపేంత. ఇది కాక నేరుగా సముద్రం మీద పడే వాన కూడా అక్కడి నుంచి ఆవిరైపోయే నీటికంటే ఎక్కువే. అరేబియా సముద్రంలో లెక్క తలకిందులు. అక్కడ పడేదానికంటే ఆవిరయ్యేది ఎక్కువ కాబట్టి పైనీరు ఉప్పగా, బరువుగా ఉంటుంది. గాలి వీస్తే సులువుగా కలుస్తుంది.

మామూలు సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వానాకాలం చివర ఉత్తర బంగాళాఖాతం పైపొరలో అది 30 గ్రాముల కిందికి దిగుతుంది. ఆ రోజుల్లో బాగా కలిసిన పైపొర మందం చాలాచోట్ల 20 మీటర్లు కూడా ఉండదు. దాని కింద ఉప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. వేడి మాత్రం ఇంకొంత లోతు దాకా అలాగే ఉంటుంది. ఉప్పు మారిపోయినా వేడి మారని ఈ మధ్యభాగాన్ని సముద్ర శాస్త్రవేత్తలు అడ్డుపొర అంటారు. తుపాన్ల దగ్గర దీనితో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు మేత సంగతి. సముద్రంలో గడ్డి లాంటిది వృక్ష ప్లవకం. కంటికి కనిపించనంత చిన్న మొక్కజీవి. దానికి వెలుగు కావాలి, అది పైన ఉంది. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ కావాలి, అవి కింద ఉన్నాయి. పైన బతికినవన్నీ చచ్చి కిందికి జారి కుళ్లడం వల్ల ఎరువు ఎప్పుడూ అడుగునే పోగుపడుతుంది. దాన్ని ఎవరో ఒకరు పైకి ఎత్తాలి. ఆంధ్ర తీరంలో ఆ పని ఎక్కువగా వానాకాలానికి ముందు జరుగుతుంది. మార్చి నుంచి మే దాకా గాలి నైరుతి నుంచి మన తీరం వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు గాలి దిశకు కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి లోతు నుంచి చల్లని, ఎరువున్న నీరు పైకి వస్తుంది. విశాఖ తీరంలో ఆ నెలల్లో అలల దగ్గర నీళ్లు అనుకున్నదానికంటే చల్లగా తగలడానికి కారణం ఇదే.

పైపొర ఎంత తేలికైతే ఈ ఎత్తిపోత అంత కష్టం. గాలి బలం అంతే ఉంటుంది, ఎత్తాల్సిన బరువు పెరుగుతుంది.

ఒక్క డిగ్రీ దేనికి సరిపోతుంది

మనిషి వల్ల భూమికి చేరుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు సగటున 1 డిగ్రీ వేడెక్కింది. అదే కాలానికి ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు. అంటే మన సముద్రం సగటు కంటే ముందుంది.

ఒక్క డిగ్రీయే కదా అనిపించవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. నీరు ఎంత వేడిగా ఉంటే, ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ అంత ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ పెరిగితే సముద్రపు నీరు తేలికయ్యే పాళ్లు, 10 డిగ్రీల దగ్గర తేలికయ్యేదానికి సుమారు రెండింతలు. ఉత్తర అట్లాంటిక్‌లో పెరిగిన డిగ్రీకీ మన దగ్గర పెరిగిన డిగ్రీకీ ఫలితం ఒకటి కాదు. నదుల వల్ల అప్పటికే తేలికగా ఉన్న పొరను వేడి ఇంకా తేలిక చేస్తోంది.

సగటును మించి దెబ్బ తీసేవి సముద్రపు వడగాడ్పులు. ఏడాదిలో ఆ రోజులకు మామూలుగా ఉండే వేడితో పోల్చి, పై 10 శాతంలోకి వచ్చే వేడి వరసగా 5 రోజులు గానీ అంతకు మించి గానీ నిలిస్తే దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తారు. 1982 నుంచి 2018 వరకు ఉపగ్రహ లెక్కలు తీస్తే బంగాళాఖాతంలో ఇలాంటివి 94 కనిపించాయి. పశ్చిమ హిందూ మహాసముద్రంలో 66. అయితే పెరుగుదల వేగం పశ్చిమంలోనే ఎక్కువ, పదేళ్లకు ఒకటిన్నర చొప్పున. ఉత్తర బంగాళాఖాతంలో పదేళ్లకు అర. ఈ రెండు అంకెల్నీ కలిపి చదవాలి. మనవైపు ఇవి ముందు నుంచే తరచుగా ఉన్నాయి, అటువైపు ఇప్పుడు పరుగందుకున్నాయి. పశ్చిమ హిందూ మహాసముద్రంలో గత ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకం 20 శాతం దాకా తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పిన కారణం కూడా పైపొర తేలికై, ఎరువు పైకి రాకపోవడమే.

పైన వేడి, కింద ఊపిరాడని నీరు

సముద్రపు నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అదే పది డిగ్రీల తేడాకు చేప ఒంటికి కావలసిన ప్రాణవాయువు దాదాపు రెండింతలవుతుంది, ఎందుకంటే దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిదే. రాబడి ఆరో వంతు తగ్గి, ఖర్చు రెట్టింపు. పెద్ద చేపకు ఇది మరీ భారం. అందుకే వేడి నీళ్లలో చేపలు చిన్న సైజులోనే ఎదుగుదల ఆపేస్తాయని ఒక వాదం ఉంది. మొప్పల వల్లే అలా జరుగుతుందన్న వివరణ మీద జీవశాస్త్రవేత్తల్లో ఇంకా తగువు తెగలేదు.

పైన వేడిగా ఉంటే చేప కిందికి దిగొచ్చు కదా? వేరే సముద్రాల్లో దిగుతుంది. బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల నుంచి 400 మీటర్ల లోతు వరకు ప్రాణవాయువు దాదాపు లేని పొర ఉంది. పైనుంచి జారే మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెడుతూ వాయువును వాడేస్తాయి, పైనుంచి కొత్తది దిగదు. అరేబియా సముద్రంలోనూ ఇలాంటిదే ఉంది, అక్కడ వాయువు పూర్తిగా అయిపోయింది. బంగాళాఖాతంలో మాత్రం లేశం మిగిలి ఉంది. 2017లో వచ్చిన పరిశోధన ఆ లేశాన్ని కొలిచింది. మామూలు పరికరాలకు అందనంత తక్కువ. అయినా ఆ లేశమే ఒక పెద్ద పని చేస్తోంది. అది ఉన్నంతవరకు సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేయడం పెద్ద ఎత్తున మొదలుపెట్టవు. అది పోయిన రోజున సముద్రం తన ఎరువునే పోగొట్టుకోవడం మొదలవుతుంది. 1960 తరువాత యాభై ఏళ్లలో ప్రపంచ సముద్రాలు తమ ప్రాణవాయువులో సుమారు 2 శాతం కోల్పోయాయి. బంగాళాఖాతం అంచున నిలబడి ఉంది కాబట్టి, 2 శాతం అన్నది ఇక్కడ చిన్న అంకె కాదు.

ఇందులో మోసపోయే అవకాశం ఒకటుంది. ఊపిరాడని పొర పైకి జరిగే కొద్దీ సూర చేప, కొమ్ముకోనాం లాంటి వేగంగా ఈదే చేపలకు బతికే చోటు పలచబడి, అవి పైన గుమిగూడతాయి. పైన గుమిగూడిన చేప గాలానికి సులువుగా చిక్కుతుంది. తూర్పు పసిఫిక్‌లో, అట్లాంటిక్‌లో ఇది గమనించారు. ఒక పడవకు పడే చేప పెరిగిందంటే చేప సంతతి పెరిగిందని అర్థం కాదు. దాని ఇల్లు ఇరుకైందని కూడా కావచ్చు.

ఉత్తరాన నేల

వేడి పెరిగితే సముద్ర జీవులు ధ్రువాల వైపు జరుగుతాయి. 1950ల నుంచి చూస్తే పై 200 మీటర్లలో బతికే జీవులు సగటున పదేళ్లకు 50 కిలోమీటర్ల పైచిలుకు జరిగాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ నివేదిక చెబుతుంది. మన చేపకు ఆ దారి మధ్యలోనే మూసుకుపోతుంది. 22వ అక్షాంశం దగ్గర సుందరబన్స్ అడ్డొస్తుంది. పైన వేడి, కింద ఊపిరాడని పొర, ఉత్తరాన నేల. మిగిలినవి మూడు దారులు: ఉన్న హద్దులోనే కొత్త చోటుకు పోవడం, కాస్త లోతుకు దిగడం, గుడ్లు పెట్టే కాలం మార్చుకోవడం. భారత తీరంలో మూడింటికీ సాక్ష్యం ఉంది.

మొదటిది నూనె కవ్వళ్లది (ఆయిల్ సార్డీన్). 1980ల మధ్య దాకా ఇవి కేరళ, కర్ణాటక తీరపు చేపలు. దేశంలో పడే నూనె కవ్వళ్లు దాదాపు అన్నీ అక్కడే పడేవి. నైరుతి రుతుపవనాల్లో అక్కడ పైకి వచ్చే చల్లని నీళ్లలో డయాటమ్‌లనే వృక్ష ప్లవకాలు దండిగా పెరుగుతాయి, కవ్వ వాటిని తిని కొవ్వు పడుతుంది. ఆ తరువాత ఇది రెండు వైపులా వ్యాపించింది. పడమర తీరంలో ఉత్తరానికీ, కన్యాకుమారి చుట్టి తమిళనాడు, ఆంధ్ర తీరాలకూ వచ్చింది. ఒకప్పుడు మరీ చల్లగా ఉన్న నీళ్లు ఇప్పుడు దానికి నచ్చే 27, 28 డిగ్రీలకు చేరడం దీనికి ఒక కారణమని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల వివరణ.

పుట్టిల్లయిన కేరళలో మాత్రం దీని లెక్క ఊయలలూగుతోంది. 2012లో ఆ రాష్ట్రంలో 3.99 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. నూటికి ఒకటి కూడా మిగల్లేదు. ఆ తరువాత మళ్లీ లక్ష టన్నులు దాటింది. 2024లో పిల్ల కవ్వలు గుట్టలుగా పడి, ధర పడిపోయింది. ఈ పతనాన్ని పూర్తిగా వాతావరణం ఖాతాలో రాయడం తప్పు. 2012కు ముందు నుంచీ పిల్లల్ని కూడా వదలకుండా పట్టారు. 2015-16లో బలమైన ఎల్‌నినో (పసిఫిక్ నీరు మామూలుకు మించి వేడెక్కడం) వచ్చింది. రెండున్నరేళ్లకు మించి బతకని చేప ఇది. వరసగా రెండేళ్లు గుడ్లు సరిగా నిలవకపోతే నిల్వ అంటూ ఉండదు. అదే కారణం వల్ల ఒక మంచి రుతుపవనం దొరికితే అంతే వేగంగా పుంజుకుంటుంది. కాబట్టి 2021 చూసి కవ్వ అంతరించిందనడమూ, 2024 చూసి ప్రమాదం తప్పిందనడమూ రెండూ తొందరపాటే. మారింది సగటు కాదు, ఊగిసలాట. పడవ మీద తీసుకున్న అప్పుకు మాత్రం నెలనెలా వడ్డీ ఒకేలా పడుతుంది.

ఈ ఊగిసలాట గోదావరి జిల్లాల చెరువుల దాకా వస్తుంది. రొయ్య మేతలో చేపపిండి ఒక ముఖ్యమైన భాగం. కిలో పిండికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి, అందులో కవ్వ పెద్ద వాటా. మంగళూరు వైపు కవ్వ పడకపోతే మేత బస్తా ధరలో ఆ కబురు తెలుస్తుంది.

రెండోది కానాగంతలది. పైపైన గుంపులుగా తిరిగే ఈ చేప 1980ల చివర్లో అడుగు లాగే ట్రాలు వలల్లో పడింది మొత్తం కానాగంతల్లో 2 శాతమే. 2003 నుంచి 2007 మధ్య అది 15 శాతానికి చేరింది. వలలు పెరగడం కొంత కారణం కావచ్చు. పైనీటి వేడి తప్పించుకోవడానికి చేప కిందికి దిగడం మరో కారణం. అయితే ఇది తీరం దగ్గరి తక్కువ లోతు నీళ్ల ముచ్చట. వంద మీటర్లు దాటాక దిగడానికి ఇందాక చెప్పిన పొర ఒప్పుకోదు.

మూడోది, చెన్నైవాళ్లు శంకరా అని కొనుక్కునే గులాబీ రంగు చేపది. 1980లో చెన్నై తీరంలో గుడ్లతో దొరికిన ఆడచేపల్లో 35 శాతం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య కనిపించేవి. 2004 నాటికి ఆ వేడి నెలల్లో 5 శాతమే మిగిలింది. మిగిలినవన్నీ అక్టోబరు నుంచి మార్చి వరకు ఉండే చల్లని నెలలకు మారాయి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, వేట నిషేధం దగ్గర కావాలి.

రుతుపవనం ఎక్కువైనా, తక్కువైనా

వానలు పెరుగుతాయట కదా, నదులు ఎరువు తెస్తాయి కదా, మంచిదే అవుతుందేమో? ఈ ప్రశ్నకు 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఒక అధ్యయనం జవాబిచ్చింది. బంగాళాఖాతం అడుగు మట్టిలో దొరికే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లల్ని పరీక్షించి, గత 22 వేల ఏళ్ల రుతుపవనాల చరిత్రనూ అప్పటి సముద్రపు మేతనూ పక్కపక్కన పెట్టి చూశారు. రుతుపవనం బాగా బలహీనపడిన కాలంలో మేత పడిపోయింది, గాలి లేక నీరు కలవలేదు. సుమారు 10 వేల ఏళ్ల కిందట రుతుపవనం విపరీతంగా బలపడిన కాలంలోనూ పడిపోయింది, మంచినీరు పొర కట్టి కలవనీయలేదు. రెండు సందర్భాల్లోనూ పైనీటిలో మేత సగం దాకా తగ్గింది. ప్రపంచ సముద్రాల్లో ఒక శాతం కూడా లేని ఈ సముద్రం ప్రపంచ మత్స్య ఉత్పత్తిలో దాదాపు 8 శాతం ఇస్తోంది. దానికి ఆధారం మధ్యస్థంగా ఉండే రుతుపవనం. ముందు ముందు కురిసేరోజు కుండపోత, మిగతా రోజులు ఎండ అన్న తీరు పెరుగుతుందని అంచనాలు చెబుతున్నాయి. అంటే రెండు చివరలూ.

తుపాను ఎందుకు అంత త్వరగా బలపడుతోంది

తుపాను బలపడాలంటే 26.5 డిగ్రీలకు మించిన నీరు కావాలి, అదీ కొంత లోతు వరకు. మామూలు సముద్రంలో తుపాను తన గాలితోనే నీటిని కలియబెట్టి, కింద ఉన్న చల్లని నీటిని పైకి తెచ్చుకుని, తన ఇంధనాన్ని తానే తగ్గించుకుంటుంది. బంగాళాఖాతంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, అడ్డుపొర దీన్ని జరగనివ్వదు. గాలి ఎంత కలియబెట్టినా కింద నుంచి వచ్చేది వేడి నీరే. వానాకాలం తరువాతి తుపాన్లు మన తీరాన్ని పట్టుకోవడంలో ఈ పొరకు వాటా ఉంది. వేసవిలో వచ్చే తుపాన్లకు నేరుగా నీటి వేడే ఆసరా: 2020 మేలో అంఫన్ తుపాను స్థాయి నుంచి రెండు రోజుల్లోపే సూపర్ సైక్లోన్ అయింది, అప్పుడు సముద్రం 30 డిగ్రీలు దాటి ఉంది.

అరేబియాలో తుపాను పోయాక కింద నుంచి ఎరువు పైకి వచ్చి, రోజుల తరబడి నీరు పచ్చబడుతుంది, చేపకు మేతవుతుంది. ఇక్కడ ఆ లాభం కూడా తక్కువ. 2014 హుద్‌హుద్, 2023 మిచాంగ్, 2025 మొంథా అన్నీ అక్టోబరు, డిసెంబరు మధ్యవే. ఏప్రిల్, మే, జూన్‌లలో నిషేధం, తరువాత జోరు వానలు, ఆపైన చేప బాగా పడాల్సిన నెలల్లో తుపాను హెచ్చరికలు. వేటకు మిగిలే రోజులు ఇలా తరుగుతాయి. 

ఆమ్లం సంగతి క్లుప్తంగా. పారిశ్రామిక యుగానికి ముందు పైనీటి పీహెచ్ (ఆమ్లతను చూపే కొలత, తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) 8.2. ఇప్పుడు 8.1. ఈ కొలత వేసే లెక్క తీరు వల్ల 0.1 తేడా అంటే ఆమ్లత 25 శాతానికి పైగా పెరిగినట్టు. గుల్ల కట్టుకునే ఆల్చిప్ప పిల్లలకు, ప్లవకాల్లోని చిన్న నత్తలకు ఇది నేరుగా తగులుతుంది. తీరప్రాంత బంగాళాఖాతంలో ఈ మార్పులో కొంత భాగం ఉత్తర మైదానాల నుంచి గాలిలో కొట్టుకొచ్చే సల్ఫేట్, నైట్రోజన్ కాలుష్యం వల్లేనని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు చూపించారు. ఇది మన చేతిలో ఉన్న భాగం.

పులస గురించి అడగకుండా ఎవరూ ఉండరు. గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే ఈ చేప తగ్గడానికి వాతావరణ మార్పును ముందు నిలబెట్టడం సరికాదు. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారిని ఎప్పుడో కోసేసింది. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర సన్నకన్ను వలలు, నదిలో కాలుష్యం తరువాతివి. వరద ఎప్పుడు, ఎంత వస్తుందో తెలియని స్థితి వీటి మీద పడిన మరో భారం. చేపకు బయల్దేరమని చెప్పే గుర్తు ఆ వరదే కాబట్టి, అది ఆలస్యమైతే గుడ్ల చేప మొగ బయటే వలలకు చిక్కుతుంది.

పడవ మీద పనికొచ్చేది

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది, తెలుగులోనూ ఇస్తుంది. ఉపగ్రహాలు పైనీటి వేడినీ, పత్రహరితాన్నీ చూస్తాయి. చల్లని నీరు, వేడి నీరు కలిసే గీత మీద మేత పోగవుతుంది, అక్కడికి చిన్న చేప, దాని వెంట పెద్ద చేప. సూచనలో ఉండేవి: మీ రేవు పేరు, అక్కడి నుంచి దిశ, ఆ దిశ డిగ్రీల్లో, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల వరకు, అక్కడి లోతు మీటర్లలో, అక్షాంశ రేఖాంశాలు. చివరి రెండింటినీ జీపీఎస్‌లో వేసుకుంటే వెతుకులాటకు తగలేసే డీజిల్ మిగులుతుంది.

ఇది ఎక్కడ తప్పుతుందో కూడా తెలిసి ఉండాలి. మబ్బు పడితే ఉపగ్రహానికి నీళ్లు కనిపించవు, కాబట్టి వానాకాలంలో సూచనలకు గండి పడుతుంది. ఆ గీత నిలకడగా ఉండదు, ప్రవాహంతో జరుగుతుంది. అందుకే సూచన ఒకటి రెండు రోజులకే పనికొస్తుంది, మూడో రోజు వెళితే ఖాళీ నీళ్లు. పైన తిరిగే కవ్వళ్లు, కానాగంతలు, సూరలకు ఇది సరిపోతుంది, అడుగున ఉండే రొయ్యకు అంతగా సాయపడదు. ఇంకొకటి, అందరికీ ఒకే చోటు తెలిస్తే అందరూ అక్కడికే పోతారు. చేప తగ్గుతున్న సముద్రంలో చేపను వేగంగా వెతికిపెట్టే సాధనానికి పట్టుబడి మీద హద్దు తోడుగా లేకపోతే అది రెండంచుల కత్తి.

దూరం పెరిగే కొద్దీ ఐసు లెక్క మారుతుంది. 30 డిగ్రీల నీళ్లలోంచి తీసిన చేప ఒళ్లు కూడా 30 డిగ్రీలే. కిలో చేపకు కిలో ఐసు కొట్టుకోవాలి, పొర చేప పొర ఐసుగా. కవ్వ, కానాగంత, సూర విషయంలో అశ్రద్ధ చేస్తే కేవలం వాసనతో పోదు. వాటి మాంసంలో హిస్టిడిన్ ఎక్కువ, వేడి తగిలితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్నవాళ్లకు దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వేయించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వల పైకి తీసిన వెంటనే చల్లబరిచి 4 డిగ్రీల దగ్గర ఉంచడం తప్ప మార్గం లేదు.

ఇక నిషేధం. తూర్పు తీరంలో మరపడవలకు, మోటారు పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. చేప గుడ్లు పెట్టే కాలమని దీనికి చెప్పే కారణం. అన్ని జాతులూ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవన్నది పాత సంగతే. ఇప్పుడు శంకరా లాంటివి వేడి నెలల్ని వదిలేసి చల్లని నెలలకు మారుతుంటే, క్యాలెండర్ కాపాడే చేపలు ఇంకా తగ్గుతాయి. నిషేధం ఎత్తేయాలని నేననడం లేదు. 61 రోజులు సముద్రానికి విరామం దొరకడమే ఒక లాభం. కానీ ఏ జాతి ఏ నెలలో గుడ్లతో ఉందో విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో ప్రతి నెలా చేప కోసి చూసి, కొన్నేళ్లకోసారి తేదీల్ని తిరగరాసే ఏర్పాటు ఉండాలి.

తేదీ గురి తప్పినప్పుడు ఆదుకునేది వల కన్ను, చేప సైజు. ట్రాలు వల చివరి సంచికి మామూలుగా వాడే ఐమూల కన్ను, వల లాగుతున్నప్పుడు నిలువుగా సాగి మూసుకుపోతుంది. కాగితం మీద 35 మిల్లీమీటర్లున్నా నీళ్లలో పిల్ల చేపకు దారి ఉండదు. అదే దారాన్ని చదరపు కన్నుగా తిప్పి కడితే లాగినా తెరుచుకునే ఉంటుంది, పిల్లలు జారిపోతాయి. రింగు వలకు ఇది కుదరదు, అది గుంపును చుట్టేసి మొత్తం ఎత్తుతుంది. ఆ వల మీద, తీరం నుంచి ఎంత దూరంలో వేయాలన్నదాని మీద 2022 జనవరిలో విశాఖ జాలరి పేటల మధ్య గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. రింగు వలకు పనికొచ్చేది కనీస సైజు నిబంధన ఒక్కటే. కేరళలో కవ్వకు అది 10 సెంటీమీటర్లు. గుంపును చుట్టేముందే ఒక చిన్న వల వేసి నాలుగు చేపలు తీసి కొలిస్తే పడవ నడిపే సరంగుకు తెలిసిపోతుంది, చుట్టాక తెలిస్తే లాభం లేదు, అప్పటికే సగం చచ్చి ఉంటాయి. ఆంధ్ర తీరానికి అదే 10 సెంటీమీటర్లు అప్పు తెచ్చుకోవడం కూడా సరిపోకపోవచ్చు. మలబారు కంటే మేత తక్కువ, వేడి ఎక్కువ ఉన్న నీళ్లలో కవ్వ ఎంత పొడవుకు ఈనుతుందో ఇక్కడి చేపను కొలిచే తేల్చాలి.